అమ్మకు చెవి మిషన్: చీటీతోనా, చీటీ లేకుండానా?

అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చాలా ఇళ్లలో ఒక సంగతి బయటపడుతుంది. ఫోన్లో మాట్లాడినన్నాళ్లూ సిగ్నల్ బాగాలేదని సరిపెట్టుకున్నది, ఒకే ఇంట్లో నాలుగు రోజులుంటే చెవుడని తేలిపోతుంది. టీవీ సౌండు రోజురోజుకీ పెరుగుతుంది. మనవడి మాట నానమ్మకు అందదు. "పాలు తేనా అమ్మా?" అని అడిగితే "చాలు నాన్నా, కడుపు నిండింది" అని జవాబు వస్తుంది. ఆ వారాంతమే పిల్లలు ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెడతారు. ఒకవైపు కొన్ని వందల డాలర్లకే జత దొరికే మిషన్లు, మరోవైపు కొన్ని వేలు పలికేవి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఏది కొనాలి? మొదటిసారి కొనేవాళ్ల కోసం ఒక్కో అడుగూ చెబుతాను.

ముందు ఈ రెండు రకాలు ఎందుకున్నాయో తెలియాలి. 2022 అక్టోబరు 17 దాకా అమెరికాలో చెవి మిషన్ కావాలంటే వినికిడి నిపుణుడైన ఆడియాలజిస్టు దగ్గరికో, లైసెన్సున్న డీలరు దగ్గరికో వెళ్లక తప్పేది కాదు. వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన ఒరిజినల్ మెడికేర్ చెవి మిషన్లకు డబ్బు ఇవ్వదు. దాంతో చెవుడున్నా మిషన్ పెట్టుకోకుండానే లక్షల మంది కాలం గడిపేవారు. డెమొక్రాట్ ఎలిజబెత్ వారెన్, రిపబ్లికన్ చక్ గ్రాస్లీ కలిసి తెచ్చిన బిల్లు 2017లో చట్టమైంది. దాని ప్రకారం మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ నిబంధనలు రాసి అమల్లోకి తేవడానికి మరో ఐదేళ్లు పట్టింది. ఆ అక్టోబరు 17 నుంచి పద్దెనిమిదేళ్లు దాటి, చెవుడు స్వల్పంగానో ఒక మోస్తరుగానో ఉందనుకునేవాళ్లు పరీక్ష లేకుండా, చీటీ లేకుండా మిషన్ కొనుక్కోవచ్చు. వీటినే ఓటీసీ (ఓవర్ ది కౌంటర్) మిషన్లంటారు. బెస్ట్ బై, వాల్‌మార్ట్, వాల్‌గ్రీన్స్ లాంటి దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. మిగిలినవన్నీ ప్రిస్క్రిప్షన్ మిషన్లే. పిల్లలకూ, చెవుడు తీవ్రంగా ఉన్నవాళ్లకూ అవి తప్ప దారి లేదు. ప్రిస్క్రిప్షన్ అన్నారు కదా అని డాక్టరే రాయాలనుకోకండి. ఆడియాలజిస్టు పరీక్ష చేసి, మిషన్ ఎంచి, చెవికి అమర్చడమే ఇక్కడ చీటీ.

ధరలో ఉన్న తేడా చాలావరకు ఆ అమర్చే మనిషిది. ప్రిస్క్రిప్షన్ మిషన్‌కు మీరు కట్టే డబ్బులో పెద్ద భాగం ఆ మనిషి చదువుకూ, సమయానికీ, తర్వాత ఏడాది రెండేళ్ల పాటు మీరు వెళ్లినప్పుడల్లా సరిచేసి ఇవ్వడానికీ పోతుంది. ఓటీసీలో ఆ పని ఇంట్లోవాళ్లే చెయ్యాలి. అందుకే కొనేముందు అసలు ప్రశ్న ఇది: మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? అమ్మ ఎక్కడ ఉంటుంది, ఆ చేసేవాళ్లు ఎక్కడ ఉంటారు?

మొదటి అడుగు: ముందు చెవిని చూపించండి

కొన్ని లక్షణాలుంటే ఓటీసీ ఆలోచన పక్కన పెట్టి నేరుగా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎఫ్‌డీఏ వాటిని ప్రతి పెట్టె మీదా అచ్చు వేయిస్తుంది. గత ఆరు నెలల్లో చెవిలోంచి చీము, నీరు, రక్తం కారడం, చెవి నొప్పి, తల తిరగడం, ఉన్నట్టుండి వినికిడి పడిపోవడం, లేదా కొన్నాళ్లు బాగుండి కొన్నాళ్లు తగ్గడం, ఒక చెవికీ రెండో చెవికీ బాగా తేడా ఉండటం, ఒక్క చెవిలోనే హోరు వినబడటం. వీటిలో ఉన్నట్టుండి వినబడకపోవడాన్ని మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు. ఒక చెవి రాత్రికి రాత్రి మూసుకుపోయినట్టుంటే అది అత్యవసరం. స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లో వాడితేనే ఎక్కువ ఫలితం ఉంటుంది.

మన పెద్దవాళ్ల విషయంలో నేను దీనికి మరొకటి కలుపుతాను. చిన్నప్పుడు చెవి కారేదని చెప్పేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లలో కొందరికి కర్ణభేరికి చిల్లు అలాగే మిగిలిపోతుంది. ఆరు నెలలుగా చెవి కారడం లేదు కాబట్టి పెట్టె మీది హెచ్చరిక తమకు వర్తించదని వాళ్లనుకోవచ్చు. కానీ రోజంతా మిషన్ కొనకు తొడిగే రబ్బరు టోపీతో, అంటే డోమ్‌తో, చెవి మూసి ఉంచితే మళ్లీ కారడం మొదలవ్వచ్చు. పైగా ఆ రకం చెవుడు కొన్నిసార్లు ఆపరేషన్‌తో తగ్గుతుంది. అమ్మను ఒకసారి అడగండి: "చిన్నప్పుడు నీకు చెవిలో చీము కారేదా?"

గుబిలి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. గట్టిపడిన గుబిలి తీసేస్తే చాలు, కొందరికి మిషన్ అవసరమే ఉండదు. అది ఉండగా మిషన్ పెడితే ఈల మోగుతుంది, సౌండు సన్నబడుతుంది, మిషన్ మంచిది కాదని తేల్చేస్తారు. వేడి నూనె పొయ్యడం, పిన్నీసుతో కెలకడం వద్దు. డాక్టరు దగ్గర నిమిషాల్లో అయ్యే పని.

రెండో అడుగు: ఆడియోగ్రామ్ చేతికి తీసుకోండి

ఓటీసీకి పరీక్ష తప్పనిసరి కాదు. అయినా చేయించమనే చెబుతాను. వీలైతే అమ్మానాన్నలు విమానం ఎక్కకముందే హైదరాబాదులోనో విజయవాడలోనో చేయించండి. ఖర్చు తక్కువన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం భాష. బీప్ శబ్దాల పరీక్షకు ఏ భాషా అక్కర్లేదు. కానీ మాటలు వినిపించి తిరిగి చెప్పమనే పరీక్ష అమెరికా క్లినిక్‌లో సాధారణంగా ఇంగ్లిషులోనే ఉంటుంది. తెలుగు తప్ప మరో భాష రాని అమ్మ అందులో తప్పితే, ఆ తప్పు చెవిదో భాషదో ఎవరు చెప్పగలరు? తెలుగు మాటలతో ఆ పరీక్ష చేసేవాళ్ల దగ్గర చేయించుకుంటే ఆ గొడవ ఉండదు.

పరీక్ష తర్వాత ఇచ్చే ఆడియోగ్రామ్ కాగితం చదవడం కష్టమేమీ కాదు. ఎడమ నుంచి కుడికి శబ్దం బొంగురు నుంచి కీచుకు మారుతుంది: 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా. పై నుంచి కిందికి డెసిబెల్స్ పెరుగుతాయి. గీత కిందికి దిగేకొద్దీ చెవుడు ఎక్కువ. ఎర్ర సున్నాలు కుడిచెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమచెవి. వయసు వల్ల వచ్చే చెవుడులో గీత ఎడమవైపు పైనే ఉండి, కుడివైపుకు వచ్చేసరికి కిందికి జారుతుంది.

ఆ జారుడులోనే అమ్మ కష్టమంతా ఉంది. మన మాటలో అచ్చులు బొంగురుగా, బలంగా ఉంటాయి. స, శ, త, ప, చ, క లాంటి హల్లులు సన్నగా, పై ఫ్రీక్వెన్సీల్లో పలుకుతాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి వాక్యం పొడవూ రాగమూ అమ్మకు పూర్తిగా వినబడతాయి, హల్లులు మాత్రం జారిపోతాయి. పాలు, చాలు, కాలు మూడూ ఆమెకు ఒక్కలాగే ఉంటాయి. "వినబడుతోందిరా, అర్థమే కావట్లేదు" అని ఆమె అనేది అక్షరాలా నిజం. మనం గట్టిగా అరిచినప్పుడు పెరిగేది అచ్చే, అందుకే అరిచినా ప్రయోజనం ఉండదు. మంచి మిషన్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత తగ్గిందో అక్కడే అంత పెంచుతుంది. అన్నిటినీ ఒకేలా పెంచే చవక మిషన్ కుక్కర్ విజిల్‌నూ గిన్నెల చప్పుడునూ పెంచి ప్రాణం తీస్తుంది.

మూడో అడుగు: హద్దుకు ఎటువైపున్నారో చూడండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 20 నుంచి 34 డెసిబెల్స్ స్వల్ప చెవుడు, 35 నుంచి 49 ఒక మోస్తరు. అమెరికాలో ఎక్కువగా వాడే లెక్కలో 26 నుంచి 40 స్వల్పం, 41 నుంచి 55 మోస్తరు. కాగితం మీద సగటు 55 దాటిపోతే ఓటీసీ మీద డబ్బు పెట్టొద్దు. ఆ మిషన్ల సౌండుకు చట్టమే పైకప్పు వేసింది: మామూలుగా 111 డెసిబెల్స్, పెద్ద శబ్దాలను అదుపు చేసే ఏర్పాటు ఉంటే 117. పరీక్ష లేకుండా కొనేవాళ్ల చెవి మరింత పాడవకూడదని పెట్టిన హద్దు అది. చెవుడు తీవ్రంగా ఉన్నవాళ్లకు ఆ సౌండు చాలదు.

కాగితం లేకపోతే ఇలా గమనించండి. టీవీ, ఫ్యాన్ అన్నీ కట్టేసిన గదిలో ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడినా అమ్మకు అందకపోతే, లేదా లారీ హారన్, డ్రిల్లింగ్ మిషన్ లాంటి పెద్ద శబ్దాలే సరిగా వినబడకపోతే, అది ప్రిస్క్రిప్షన్ కేసు. ఇద్దరే ఉన్నప్పుడు బాగా మాట్లాడుతూ, నలుగురు చేరినప్పుడూ ఫోన్లోనూ మాత్రమే ఇబ్బంది పడుతుంటే ఓటీసీ ప్రయత్నించదగ్గదే.

నాలుగో అడుగు: డబ్బుకు ఏమొస్తుందో పోల్చండి

ఆడియాలజిస్టు గదిలో అసలు జరిగే పని ఒకటుంది, దాని పేరు రియల్ ఇయర్ మెజర్‌మెంట్. సన్నటి మెత్తని గొట్టాన్ని చెవి లోపలికి, కర్ణభేరి దగ్గరిదాకా పంపి, దాని పక్కనే మిషన్ పెడతారు. స్పీకరులో మాటలు వినిపిస్తారు. కర్ణభేరి దగ్గర ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సౌండు చేరుతోందో స్క్రీన్ మీద గీతగా వస్తుంది; ఆ చెవుడుకు చేరాల్సిన సౌండు మరో గీత. రెండూ కలిసేదాకా ఆడియాలజిస్టు మిషన్‌ను సరిచేస్తారు. ఒక్కో మనిషి చెవి గొట్టం ఒక్కో కొలత కాబట్టి ఇది చెయ్యకుండా అంచనాతో పెడితే సౌండు తప్పే అవకాశం ఎక్కువ. వేలు పెట్టి కొనేటప్పుడు ఇది చేస్తారా అని మొదటే అడగండి. చెయ్యబోమంటే మరో చోటు చూసుకోండి; మీరు ఎక్కువ డబ్బు కట్టేది ఈ పనికోసమే.

ఓటీసీలో రెండు రకాలున్నాయి. ఒకటి ముందే నాలుగైదు సెట్టింగులు పెట్టి ఇచ్చేది. మీకు సరిపడేది మీరు ఎంచుకోవాలి. రెండోది సెల్ఫ్ ఫిట్టింగ్: ఫోన్ యాప్ మీకు శబ్దాలు వినిపించి, మీ జవాబులను బట్టి మిషన్‌ను సరిచేస్తుంది. ఈ రెండో రకానికి మార్కెట్లోకి రాకముందే ఎఫ్‌డీఏ పరిశీలన ఉంటుంది, మొదటిదానికి ఉండదు. వీలైతే సెల్ఫ్ ఫిట్టింగే కొనండి. స్వల్ప, మోస్తరు చెవుడు ఉన్నవాళ్లలో సెల్ఫ్ ఫిట్టింగ్ మిషన్‌ను ఆడియాలజిస్టు అమర్చిన మిషన్‌తో పోల్చిన ఒక పరిశోధన 2023లో జామా ఓటోలారింగాలజీ పత్రికలో వచ్చింది. ఆరు వారాల తర్వాత రెండు వర్గాల ఫలితాలూ దాదాపు సమానంగానే ఉన్నాయి. కాబట్టి ఓటీసీ నాసిరకమని కొట్టిపారేయకూడదు. సరైన చెవికి, ఓపిగ్గా అమర్చితే అది పనిచేస్తుంది.

ధరలు సుమారుగా ఇలా ఉన్నాయి. ఓటీసీ జత రెండు వందల డాలర్ల నుంచి పదిహేను వందల దాకా. ప్రిస్క్రిప్షన్ జత రెండు వేల నుంచి ఏడు వేల దాకా, ఇందులో సాధారణంగా పరీక్షలూ తర్వాతి విజిట్లూ కలిపే ఉంటాయి. ఈ రెంటికీ మధ్యలో కాస్ట్‌కో ఉంది: సభ్యత్వం ఉన్నవాళ్లకు పరీక్ష చేసి, అమర్చి, ప్రిస్క్రిప్షన్ జతను పదిహేను వందల చిల్లరకు ఇస్తారు. ఖర్చుకు భయపడి ఓటీసీ వైపు మొగ్గేవాళ్లు ముందు అక్కడ అడిగి చూడటం మంచిది.

యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 సంగతి చాలామంది అడుగుతారు. వాటిలోని వినికిడి సాఫ్ట్‌వేర్‌కు 2024 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఐఫోన్‌తో పరీక్ష చేసుకోవచ్చు, ఉన్న ఆడియోగ్రామ్‌ను ఎక్కించనూ వచ్చు. కానీ చార్జింగ్ ఆరు గంటల లోపే అయిపోతుంది. రోజంతా చెవిలో ఉండాల్సిన మిషన్‌కు అది చాలదు. నాన్నగారికి సాయంత్రం వార్తలకూ వీడియో కాల్‌కూ సరిపోతుంది. మిషన్ అంటేనే ముఖం తిప్పుకునేవాళ్లకు అలవాటు చేయడానికీ బాగుంటుంది.

ఐదో అడుగు: పెట్టెను తిప్పి చదవండి

"ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అని పెద్ద అక్షరాలతో ఉంటే మోసపోవద్దు. కంపెనీ తన పేరు నమోదు చేయించుకుందనే దాని అర్థం. మిషన్‌ను ఎఫ్‌డీఏ పరీక్షించి మెచ్చుకుందని కాదు. ఓటీసీ హియరింగ్ ఎయిడ్ అని స్పష్టంగా రాసుందో లేదో చూడండి. సౌండ్ యాంప్లిఫయర్ అని రాసినవి చెవుడు లేనివాళ్ల కోసం. పక్షుల కూతలు వినడానికీ అలాంటి వాటికీ. స్మార్ట్‌ఫోన్ లేకుండా పనిచేస్తుందా, బ్యాటరీ ఏది, తిరిగి తీసుకుంటారా, ఈ మూడూ పెట్టె మీదే ఉంటాయి. తిరిగి తీసుకోవాలని ఫెడరల్ చట్టం ఓటీసీ కంపెనీని బలవంతపెట్టదు. వాళ్ల పద్ధతి ఏదో చెప్పమంటుంది, అంతే. ప్రిస్క్రిప్షన్ మిషన్లకైతే చాలా రాష్ట్రాల్లో ట్రయల్ గడువు చట్టంలోనే ఉంది.

చేతులు వణికే పెద్దవాళ్లకు చార్జింగ్ మిషనే తీసుకోండి. బటన్ బ్యాటరీ మార్చడం వాళ్లకు నరకం. ఇంట్లో పసిపిల్లలుంటే ఆ బ్యాటరీలు మరీ ప్రమాదం: మింగితే గంటల్లోనే గొంతును లోపల కాల్చేయొచ్చు.

ఆరో అడుగు: ఎవరు ఎక్కడ ఉంటారో తేల్చుకోండి

ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అమ్మకు చివరి నెలలో మిషన్ కొనడం చాలా ఇళ్లలో జరిగేదే. కొని, సూట్‌కేసులో పెట్టి పంపుతారు. యాప్ ఆమె ఫోన్లో ఉంటుంది, కానీ ఇంగ్లిషులో. డోమ్ చిరిగితే కొత్తది తెనాలిలో దొరకదు. వారంటీ అమెరికాలోనే చెల్లుతుంది. అమర్చగలిగిన ఒకే ఒక్క మనిషి, అంటే మీరు, డాలస్‌లో. చివరికి ఆ మిషన్ బీరువాలో చేరుతుంది. చీటీ లేని మిషన్ పెట్టుకునేవాళ్లకు అందుబాటులో ఉండే మనిషి కావాలి. అమ్మ వచ్చిన మొదటి నెలలోనే కొని, వెళ్లేలోగా అన్నీ సర్దుకునే సమయం ఉంటే సరే. లేదా ఊళ్లో ఆమెతో ఉండే చెల్లికో, మనవరాలికో ఆ పని పూర్తిగా నేర్పితే సరే.

అదేమీ కుదరదంటే ఇండియాలోనే ఆడియాలజిస్టు దగ్గర అమర్చిన మిషన్ కొనివ్వండి. ఫోనాక్, ఓటికాన్, సిగ్నియా, వైడెక్స్ లాంటి పెద్ద కంపెనీల మిషన్లు మన నగరాల్లోనూ దొరుకుతాయి. చెడితే ఆటోలో వెళ్లి చేయించుకోవచ్చు. అమెరికాలోనే ప్రిస్క్రిప్షన్ మిషన్ కొని పంపాలనుకుంటే ముందు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఇండియాలోని ఆడియాలజిస్టు దీన్ని ప్రోగ్రామ్ చేయగలరా, వారంటీ అక్కడ పనిచేస్తుందా? కొన్ని గొలుసు దుకాణాలు తాము అమ్మిన మిషన్లను బయటివాళ్లు తెరవకుండా లాక్ చేస్తాయి.

ఆదాయం తక్కువున్న కుటుంబాలకు మన దగ్గర ప్రభుత్వ సాయం కూడా ఉంది. పేద వృద్ధులకు చెవి మిషన్లూ కళ్లజోళ్లూ ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలుపెట్టారు. వైకల్య సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఇలాంటి పరికరాలిచ్చే అడిప్ పథకం ఉంది. సికింద్రాబాదులో కేంద్ర ప్రభుత్వ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా పనిచేస్తోంది.

ఏడో అడుగు: మొదటి నెల

చెవి మిషన్‌ను చత్వారం కళ్లజోడుతో పోల్చేవాళ్లున్నారు. ఆ పోలిక చాలా మిషన్లను బీరువాకు పంపింది. కళ్లజోడు పెట్టగానే అక్షరం కనిపిస్తుంది. మిషన్ పెట్టగానే వినబడేది ఫ్రిజ్ గుయ్‌మనే శబ్దం, చీర కొంగు గరగర, తన గొంతే డబ్బాలోంచి వచ్చినట్టు. ఏళ్ల తరబడి వినని శబ్దాలను వేరుచేసుకోవడం మెదడు మళ్లీ నేర్చుకోవాలి. దానికి వారాలు పడుతుందని అమ్మకు ముందే చెప్పండి.

మొదటి వారం ఇంట్లోనే, ఒకరిద్దరితో, రోజుకు రెండు మూడు గంటలు. పుస్తకం పైకి చదివితే సొంత గొంతు అలవాటవుతుంది. రెండో వారం టీవీ, వీడియో కాల్. గుడికీ, పుట్టినరోజు పార్టీకీ మూడో వారం దాకా తీసుకెళ్లొద్దు. నలుగురి గోలలో మాట పట్టుకోవడం అన్నిటికంటే కష్టమైన పని, వేల డాలర్ల మిషన్ కూడా అక్కడ తడబడుతుంది. ఈల మోగుతుంటే డోమ్ సైజు మార్చి చూడండి. గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంటే రంధ్రాలున్న డోమ్ వాడండి. సౌండు ఉన్నట్టుండి తగ్గితే నూటికి తొంభైపాళ్లు కొనలో గుబిలిని ఆపే జల్లెడ, అంటే వ్యాక్స్ గార్డు, పూడుకుపోయి ఉంటుంది. మన కోస్తా ఉక్కలో వాడేవాళ్లు రాత్రిళ్లు తేమ పీల్చే డబ్బాలో పెట్టాలి.

ఇదంతా తిరిగి ఇచ్చే గడువు లోపలే జరగాలి. కొన్న రోజే ఆఖరు తేదీని ఫోన్లో పెట్టుకోండి, దానికి పది రోజుల ముందు మరో అలారం. ఆ రోజు అమ్మను కూర్చోబెట్టి అడగండి: మనవడి మాట అర్థమవుతోందా? ఫోన్లో పెద్దమ్మ మాట పట్టుకోగలుగుతున్నావా? రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటున్నావు? "బాగానే ఉందిలే, డబ్బులు పెట్టి కొన్నావు కదా" అనే జవాబును లెక్కలోకి తీసుకోవద్దు. ఆ మాట మీ మనసు నొప్పించకూడదని అన్నది. వెనక నుంచి మెల్లగా పాలు, చాలు, కాలు అని చెప్పి తిరిగి చెప్పమనండి. మూడింట్లో రెండు తప్పితే మొహమాటం లేకుండా మిషన్ తిరిగి ఇచ్చేయండి. ఆ డబ్బుతో ఆడియాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, ఏ గదిలో ఎవరి మాట వినబడలేదో, ఏ డోమ్ నొప్పి పెట్టిందో, ఈల ఎప్పుడు మోగిందో ఒక కాగితం మీద రాసి ఆడియోగ్రామ్‌తో పాటు ఇవ్వండి.